లారీ లెక్కల్లో లాభం తేడా కొడుతోందా? ముందు ఇవి చూస్కోండి

విజయవాడ ఆటోనగర్ వైపు ఒకటి రెండు లారీలు తిప్పుకునే ఓనర్ల దగ్గర కొత్తగా అకౌంట్స్ రాయడానికి చేరినవాళ్ల కోసం ఇది. అంకెలు లెక్క అర్థం కావడానికి వేసినవే.

సమస్య: ఏడాదంతా కిరాయిలు బానే వచ్చాయి, లెక్కల్లో మాత్రం నష్టం.

కారణం: రిపేర్స్ లెడ్జర్ ఓపెన్ చేయండి, చాలాసార్లు అక్కడే దొరుకుతుంది. ఓనర్ గారు డిసెంబర్‌లో కొత్త ఛాసిస్ (బాడీ కట్టని బండి) కొని 6 లక్షలు పెట్టి బాడీ కట్టించారనుకోండి, షెడ్డు వాళ్లిచ్చిన బిల్లులో చెక్క, రేకు, వెల్డింగ్ లేబర్, పెయింటింగ్ అని వరసగా ఉంటాయి కదా, అది చూసి రిపేర్ బిల్లే అనుకుని మొత్తం ఖర్చులో రాసేస్తారు. కానీ బాడీ లేకపోతే ఆ బండి లోడు ఎత్తదు కదండీ. బండి మొదటిసారి రోడ్డెక్కేదాకా అయిన ఖర్చు, రిజిస్ట్రేషన్‌తో సహా, బండి ఖరీదులోనే కలవాలి. ఇది క్యాపిటల్ ఖర్చు, అంటే ఆస్తి కోసం పెట్టిన ఖర్చు.

పరిష్కారం: ట్యాలీలో (అకౌంట్స్ సాఫ్ట్‌వేర్) ఎఫ్7 కొట్టి జర్నల్, అంటే సర్దుబాటు ఎంట్రీ, వేయండి. లారీ అకౌంట్ డెబిట్ 6 లక్షలు, రిపేర్స్ క్రెడిట్ 6 లక్షలు. లారీ లెడ్జర్ ఫిక్స్‌డ్ అసెట్స్ గ్రూపులో ఉందో లేదో కూడా చూడండి. తర్వాత తరుగుదల, అంటే ఆస్తి ఖరీదులో ఏటా ఖర్చుగా రాసుకునే భాగం. కిరాయికి తిప్పే లారీకి ఇన్‌కమ్ ట్యాక్స్ లెక్కలో 30 శాతం, కొన్న ఏడాది 180 రోజుల కన్నా తక్కువ వాడితే అందులో సగమే. డిసెంబర్‌లో కొన్న బండికి మార్చి ఆఖరుకి 180 రోజులు నిండవు కాబట్టి 15 శాతం, అంటే బాడీ మీద ఈ ఏడాది ఖర్చు 90,000. మిగతా 5,10,000 లేని నష్టాన్ని ఉన్నట్టు చూపించింది.

సమస్య: ఈసారి లాభం మరీ ఎక్కువొచ్చింది, ట్యాక్స్ చూసి ఓనర్ గారు కంగారు పడుతున్నారు.

కారణం: పాత బండికి టైర్లన్నీ మార్చారు, బిల్లు లక్ష దాటింది, పెద్ద మొత్తం కదా అని ఆస్తిలో పెట్టేశారు. ఇక్కడే అందరూ తడబడతారు. మొత్తం పెద్దదా చిన్నదా అన్నది కాదు చూడాల్సింది, బండి ఇప్పటిదాకా ఎలా నడిచిందో అలాగే నడవడానికి పెట్టారా, లేక కొత్తగా ఏదైనా వచ్చి చేరిందా అన్నది చూడాలి. టైర్లు, సర్వీసింగ్, ఏటా కట్టే ఇన్సూరెన్స్ అన్నీ రెవెన్యూ ఖర్చే, అంటే ఆ ఏడాది లాభంలోంచే తీసేసే ఖర్చు.

పరిష్కారం: ఇందాకటి జర్నల్ తిరగేసి వేయండి, రిపేర్స్ డెబిట్, లారీ అకౌంట్ క్రెడిట్, అంతే.

సమస్య: ఈఎమ్ఐలు నెలనెలా కడుతున్నాం, లోన్ బాకీ పుస్తకంలో తగ్గట్లేదు.

కారణం: 70,000 ఈఎమ్ఐ మొత్తం వడ్డీ ఖాతాలో పడుతోంది. పరిష్కారం: ఫైనాన్స్ వాళ్లనడిగి రీపేమెంట్ షెడ్యూల్ తెచ్చుకోండి, ఆ నెల అసలు 45,000 అయితే అది లోన్ అకౌంట్‌కి డెబిట్, 25,000 మాత్రమే వడ్డీ.

ట్రయల్ బ్యాలెన్స్ (అన్ని ఖాతాల డెబిట్, క్రెడిట్ మొత్తాల పట్టిక) కలిసింది కాబట్టి అంతా కరెక్టే అని మాత్రం ఉండిపోవద్దు. లారీ బదులు రిపేర్స్‌కి డెబిట్ చేసినా రెండూ డెబిట్ వైపే, మొత్తం కలుస్తుంది, తప్పు తప్పుగానే ఉంటుంది. రిటర్న్ ఇప్పటికే వేసేసిన సంవత్సరమైతే మీరుగా ఎంట్రీలు మార్చకండి, ఆడిటర్ గారికి చెప్పండి.

ఇంకోటి, షెడ్డు వాళ్లకి ఒకే రోజు 10,000 దాటి క్యాష్ ఇస్తే ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్లు ఆ డబ్బుని బండి ఖరీదులో లెక్కలోకి తీస్కోరు, దానిమీద తరుగుదల పోయినట్టే, అందుకే బాడీ పని మొదలవకముందే బ్యాంకు ద్వారానే కడదామని ఓనర్ గారికి చెప్పేయండి.