ఖాళీ నూనె సీసాలు వెనక్కి రావాలంటే

కావలిలో మాది చిన్న గానుగ. వేరుశనగ నూనె, నువ్వుల నూనె లీటరు గాజు సీసాల్లో పోసి ఇటు నెల్లూరు, అటు ఒంగోలు ఇళ్లకు మా ట్రాలీ ఆటోలోనే పంపుతాం. నూనె తీయగా మిగిలిన చెక్కకి దిగుల్లేదు, గేదెలున్నవాళ్లు వచ్చి పట్టుకెళ్తారు. వెనక్కి రానిదల్లా సీసానే.

ముందు డిపాజిట్ పెట్టండి. మేం సీసాకి 30 రూపాయలు తీసుకుంటాం, ఖాళీది చేతికివ్వగానే తిరిగిచ్చేస్తాం. ఆ డబ్బు మనది కాదు, గల్లాపెట్టెలో కలపకుండా వేరే డబ్బాలో వేయాలి.

సీసాల కోసమే బండి పంపితే డీజిల్‌కి కూడా గిట్టదు. నిండు సీసా దించిన గుమ్మంలోనే ఖాళీది ఎక్కించుకోవాలి. "రేపొస్తున్నామమ్మా, ఖాళీవి తీసిపెట్టండి" అని ముందురోజు వాట్సాప్‌లో చెప్తాం.

అక్కడే మూత తీసి వాసన చూడండి. ఇది దెబ్బ తిని నేర్చుకున్నాను. ఎవరో ఫినాయిల్ పోసుకున్న సీసా మిగతావాటిలో కలిసిపోయి, నూనెతో ఒక పెద్దావిడ ఇంటికి చేరింది. పోపు వేయబోతూ వాసన పట్టి ఫోన్ చేశారు. ఆ రాత్రి నాకు నిద్ర లేదు. ఇప్పుడు అలాంటి సీసాలు పాతసామాన్ల బండికే. డిపాజిట్ మాత్రం ఇచ్చేస్తాం, డబ్బు పోతుందంటే ఎవరూ నిజం చెప్పరు.

అసలు పని కడగడం. సీసాని రాత్రంతా తలకిందులుగా పెట్టి జిడ్డు దించండి. చెయ్యి తాళేంత వేడినీళ్లలో వాషింగ్ సోడా కలిపి సగానికి పోసి, గుప్పెడు నూకలేసి, మూత బిగించి గిలక్కొట్టండి. బ్రష్ అందని మెడ కింద పొరని ఆ నూకలే గీకేస్తాయి. మంచినీళ్లతో మూడుసార్లు కడిగి, రెండ్రోజులు ఎండబెట్టండి. చెమ్మ మిగిలితే నూనె తొందరగా పాడవుతుంది. ఎండలోంచి తీశాక మూతపెట్టి, పావుగంట ఆగి మళ్లీ వాసన చూడండి. వేడికి దాగిన వాసన బయటపడుతుంది.

లేబుల్ మైదా జిగురుతో అంటించండి, నానబెడితే ఊడొస్తుంది. నింపేటప్పుడు మూత ప్రతిసారీ కొత్తదే వేయాలి. అంచు చిట్లిన సీసా వాడొద్దు.

రేకు డబ్బాలు మాత్రం తిరిగి నింపకండి. ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2018 ప్యాకేజింగ్ నిబంధనల ప్రకారం ఒకసారి వాడిన రేకు డబ్బాలో మళ్లీ తినేవి నింపకూడదు. గాజు సీసా గట్టిగా, శుభ్రం చేయడానికి వీలుగా ఉంటే వాడుకోవచ్చు. డబ్బా తెచ్చినవాళ్లకి మేం ఈ మాటే చెప్పి, సీసాలో పోసి పంపుతున్నాం.