గ్రూప్ చెదిరితే ముందు పెల్లెట్ డబ్బా తిప్పి చూడండి

హన్మకొండలో నా దగ్గరికి నెలకు ఇద్దరైనా వస్తారు, ఎయిర్ రైఫిల్ సంచి భుజాన వేసుకుని. "సార్, బ్యారెల్ పోయినట్టుంది." పెల్లెట్ల డబ్బా, అంటే ఇందులో వేసి కాల్చే చిన్న సీసం గుండ్ల డబ్బా, ఏది అని అడుగుతాను. సగం మంది తీసుకురారు. రోగిని ఇంట్లో వదిలి చీటీ పట్టుకొచ్చినట్టు ఉంటుంది.

ఒక మాట ముందే. చేతుల్లో పట్టుకుని కాల్చిన టార్గెట్ కార్డు చూపించి రైఫిల్‌ను తిట్టకండి. ఇసుక సంచుల మీద ఆనించి, 10 మీటర్ల నుంచి పది షాట్లు కాల్చండి. అవన్నీ కలిసి కార్డు మీద చేసే రంధ్రాన్నే గ్రూప్ అంటాం. రంధ్రం బయటి అంచు నుంచి బయటి అంచుకు 7 మిల్లీమీటర్ల లోపు ఉంటే రైఫిల్ బాగానే ఉంది, వెళ్లి ప్రాక్టీస్ చేసుకోండి. పెల్లెటే 4.5 మిల్లీమీటర్ల లావు ఉంటుంది మరి.

గ్రూప్ నిలువుగా సాగుతోందా? గాలి సంగతి చూడండి. 200 బార్ ఒత్తిడి దాకా నింపే గాలి సిలిండర్‌లో గేజ్ ముల్లు 70 దగ్గరికి దిగినా కాలుస్తూ కూర్చునేవాళ్లున్నారు. నింపాక కూడా అలాగే ఉంటే రెగ్యులేటర్ మీద అనుమానం, ప్రతి షాట్‌కూ గాలి ఒత్తిడి ఒకేలా ఉంచే భాగం అది. దాన్ని ఇంట్లో విప్పకండి, తెలిసిన మెకానిక్‌కు ఇవ్వండి.

నిన్నటిదాకా మధ్యలో పడ్డవి ఇవాళ ఒక్కసారిగా పక్కకు జరిగాయా? స్టాక్ (భుజానికి ఆనించే భాగం) కింది స్క్రూలు, వెనక సైట్ (గురి చూసే భాగం) స్క్రూ వదులయ్యాయేమో చూడండి. అలెన్ కీతో రెండు నిమిషాల పని. ఎవరూ చేయరు. సైట్ మాత్రం టకటకా తిప్పేస్తారు.

ఇక నన్ను ఏడిపించింది వేరే. గ్రూప్ గుండ్రంగా ఉండదు, నిలువుగానూ సాగదు. కార్డు మీద రంధ్రం పల్లికాయలా ఉంటుంది, రెండు గింజలు, మధ్యలో నడుము. నాలుగేళ్ల కింద నా దగ్గర నేర్చుకునే అమ్మాయి స్కోరు ఇలాగే పడిపోయింది. సైట్ మార్చాను, బ్యారెల్ తుడిచాను, హైదరాబాద్ మెకానిక్‌కు పంపాను. రెండు వారాలు పోయాయి. తిరిగొచ్చిన రైఫిల్ మళ్లీ పల్లికాయే కొట్టింది. పోటీ దగ్గర పడుతోంది, ఆ పిల్లకంటే నాకే టెన్షన్.

ఒక సాయంత్రం తను పాత డబ్బాలో మిగిలినవి కొత్త డబ్బాలో ఒంపుతుంటే చూశాను. అదే కంపెనీ, అదే పేరు, మూత మీద అదే బొమ్మ. తిప్పి చూస్తే వెనక లేబుల్ మీద ఒకదానికి తల సైజు, అంటే పెల్లెట్ ముందు భాగం లావు, 4.49 మిల్లీమీటర్లు, ఇంకోదానికి 4.51. లాట్ నంబర్లూ వేరు, అంటే ఒకే విడతలో తయారైనవి కావు. ఒక్కో లాట్ ఒక్కో చోట కొడుతోంది. "రెండు డబ్బాలు ఎందుకు మోయాలని కలిపిన సార్" అంది.

అప్పుడు నాకూ బుద్ధి పుట్టి, తెలిసిన బంగారం కొట్టులో కాటా మీద యాభై పెల్లెట్లు తూచాను. అన్నీ 0.53 గ్రాముల అటూ ఇటూ. సేఠ్ నన్ను వింతగా చూశాడు. నేర్చుకున్నది ఏమిటంటే, తల సైజు తేడా కాటాకు దొరకదు. తూచి, అన్నీ ఒకటే అని మురిసిపోతే మోసపోతారు.

పరిష్కారం: డబ్బాలు కలపొద్దు. మూడు నాలుగు లాట్లు విడివిడిగా సంచుల మీద నుంచి కాల్చి చూడండి. మీ రైఫిల్‌కు నచ్చిన లాట్‌వి దొరికినన్ని డబ్బాలు కొనిపెట్టుకోండి. ఇంకొకరి రైఫిల్‌కు నచ్చింది మీదానికి నచ్చాలని లేదు.

లాట్ ఒకటే అయినా చెదురుతుంటే పెల్లెట్ వెనక డొల్లగా ఉండే అంచు చూడండి, దాన్నే స్కర్ట్ అంటాం. సీసం మెత్తన, గోరు నొక్కితే గుంట పడుతుంది. బండి డిక్కీలో డబ్బా గలగలమంటూ రోజూ వస్తే ఏమవుతుందో ఆలోచించండి. అద్దం ముక్క మీద ఒక్కోటి నిలబెట్టి ట్యూబ్‌లైట్ కింద చూడండి, వంగినది ఒరిగి కనిపిస్తుంది. పక్కన పారేయండి. మూత కింద పలచని స్పాంజి పెడితే కదలవు. అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోండి.

బ్యారెల్ అరగడం, మూతి దెబ్బతినడం? ఉంటాయి. ఇన్నేళ్లలో రెండుసార్లు చూశాను.

మొన్న కరీంనగర్ నుంచి కూతురితో వచ్చిన ఒకాయన కొత్త బ్యారెల్ ధర అడిగాడు. ఆ పాప సంచిలోంచి డబ్బా తీసింది. మూత తెరిస్తే కొన్ని పెల్లెట్లు తళతళ, కొన్ని మబ్బు రంగు. "ఇది ఎన్ని డబ్బాల సరుకు బిడ్డా?" అన్నాను. తల వంచుకుని మూడు వేళ్లు చూపించింది.