గాలివానల కాలానికి ముందు పడవలో ఫ్లేర్లు సరిచూసుకోండి

ఫ్లేర్లంటే సముద్రంలో ఆపదలో పడినప్పుడు వెలుగుతోనో పొగతోనో సంకేతమిచ్చే గొట్టాలు, డబ్బాలు. సోలాస్ అనే, సముద్రంలో ప్రాణరక్షణకు చేసిన అంతర్జాతీయ నియమాల ప్రకారం పెద్ద ఓడల లైఫ్‌బోటులో నాలుగు పారాచూట్ రాకెట్లు, చేత్తో పట్టుకుని వెలిగించే ఆరు హ్యాండ్ ఫ్లేర్లు, రెండు పొగ డబ్బాలు ఉండాలి. రాకెట్ కనీసం 40 సెకన్లు వెలగాలి, హ్యాండ్ ఫ్లేర్ 1 నిమిషం, పొగ డబ్బా 3 నిమిషాలు. అన్నీ కలిపి లెక్కేస్తే 14 నిమిషాల 40 సెకన్లు. రాత్రి పొగ కనబడదు కాబట్టి అది తీసేస్తే 8 నిమిషాల 40 సెకన్లే. చిన్న పడవలో చాలాసార్లు అంత కూడా ఉండదు. కింద చెప్పే జాగ్రత్తలన్నీ ఆ కొద్ది నిమిషాల కోసమే. ఫ్లేర్లు తడిసి పాడవకూడదు, చూసేవాళ్లు లేనప్పుడు ఖర్చైపోకూడదు, పట్టుకున్న చేతిని కాల్చకూడదు.

దేని పని దానిదే. పారాచూట్ రాకెట్ 300 మీటర్ల ఎత్తుకు వెళ్లి, ఎర్రగా వెలుగుతూ మెల్లగా దిగుతుంది. అంత ఎత్తున ఉన్న వెలుగుకు భూమి వంపు అడ్డు రావాలంటే 60 కిలోమీటర్లు దాటాలి. గాలి తేటగా లేకపోతే అంత దూరం కనబడదు, అయినా దూరాన ఉన్నవాళ్లను పిలవడానికి దాన్ని మించింది లేదు. హ్యాండ్ ఫ్లేర్‌ను నీటికి రెండు మీటర్ల పైన పట్టుకుంటే, నీటి మట్టంలో ఉన్న కంటికి సుమారు 5 కిలోమీటర్ల లోపే కనబడుతుంది. చూసేవాళ్లు ఎత్తైన డెక్ మీద ఉంటే ఇంకొంత దూరం. అందుకే ‘ఆపదలో ఉన్నాం’ అని చెప్పడానికి రాకెట్, ‘ఇదిగో ఇక్కడ’ అని చూపించడానికి హ్యాండ్ ఫ్లేర్. నారింజ రంగు పొగ పగటికి, ముఖ్యంగా పైనుంచి వెతికే విమానాలకు. గాలి బలంగా ఉంటే పొగ నీళ్ల మీదే పరుచుకుపోతుంది, పక్క పడవకు కూడా కనబడకపోవచ్చు. తెల్లటి హ్యాండ్ ఫ్లేర్ ఆపద సంకేతం కాదు. మీదికి వస్తున్న ఓడకు ‘మేమిక్కడ ఉన్నాం, చూసుకోండి’ అని చెప్పడానికి వాడేది. దాన్ని ఎర్రవాటితో కలిపి పెట్టకండి.

సీజన్ మొదలవకముందే అన్నీ బయటికి తీసి చూడండి. పొడి చోట, పగటి వెలుతురులో, దగ్గర్లో బీడీ సిగరెట్లు లేకుండా. మొదట గడువు తేదీ చూడండి. సాధారణంగా తయారైన మూడేళ్లకు, కొన్నిటికి అంతకన్నా కాస్త ఎక్కువకు, గడువు తీరుతుంది. తరవాత ఫ్లేర్ ఒంటిని చూడండి: పగుళ్లు, సొట్టలు, తుప్పు, మూత అంచున తెల్లటి ఉప్పు పొర, ఉబ్బిన గొట్టం, చెరిగిపోయిన సూచనలు. వీటిలో ఏది కనిపించినా గడువుతో పని లేదు, అది పక్కకే. లోపల మందుకు పెద్ద శత్రువు చెమ్మ. తడి ముందుగా దెబ్బ తీసేది వెలిగించే భాగాన్ని. పైకి కొత్తదానిలా ఉన్న ఫ్లేర్ తాడు లాగినా ఉలకకపోవడానికి కారణం చాలావరకు ఇదే. లోపల ఎలా ఉందో చూద్దామని మాత్రం మూత విప్పకండి.

వాటిని వెడల్పు మూతి, మరమూత, రబ్బరు వాషర్ ఉన్న డబ్బాలో పెట్టండి. డబ్బా నీళ్లలో తేలుతుందో లేదో ఒకసారి వేసి చూడండి. అందులోనే మందపాటి తోలు గ్లౌజులు, కళ్లద్దాలు, చిన్న టార్చి ఉంచండి. ఇంజన్, బ్యాటరీ, గ్యాస్, ఇంధనం పక్కన వద్దు. అలాగని వలల కింద, సామాన్ల అడుగున తోయడమూ పనికిరాదు. పడవ ఒరిగినప్పుడు కూడా చెయ్యి అందేచోట ఉండాలి, ఆ చోటు పడవలో ఉన్న ప్రతి ఒక్కరికీ తెలియాలి.

కాల్చే పద్ధతి కంపెనీకో రకంగా ఉంటుంది. ఒకదానికి తాడు లాగాలి, ఇంకొకదానికి అడుగు తిప్పాలి, మరొకదాన్ని మూతతో గీయాలి. అందుకని మీ దగ్గరున్న దాని సూచనలు ఇప్పుడే చదవండి. ఆ తరవాత కళ్లు మూసుకుని, మూతలు విప్పకుండా, వేళ్లతో తడిమి చూడండి: పైకొన ఏది, లాగే కొన ఏది? చీకట్లో, వానలో, వణికే చేతులతో గుర్తుపట్టాల్సింది ఈ ఒక్కటే. తలకిందులుగా పట్టిన రాకెట్ పడవలోకే పేలుతుంది.

హ్యాండ్ ఫ్లేర్ వెలిగించేటప్పుడు పడవకు గాలి పోయే వైపు నిలబడండి. చెయ్యి పూర్తిగా చాచి, ఫ్లేర్ అంచు దాటి నీటి మీద ఉండేలా, కాస్త వాల్చి పట్టుకోండి. తాడు లాగాక ఒకటి రెండు సెకన్లు ఏమీ జరగకపోవచ్చు. ఏమైందా అని మొహం దగ్గరికి తెచ్చుకోకండి. అంటుకున్నాక కొననుంచి కరిగిన మడ్డి ఎర్రగా బొట్లుబొట్లుగా రాలుతుంది. నిటారుగా పట్టుకుంటే అది మీ మణికట్టు మీదికే జారుతుంది. రబ్బరు తెప్పలో ఉంటే ఒక్క బొట్టు చాలు, తెప్పకు చిల్లు పడుతుంది. మంట వైపు చూడకండి, చూస్తే ఆ తరవాత కొన్ని నిమిషాలు చీకట్లో ఏమీ కనబడదు. ఆరిపోయాక కూడా గొట్టం కాలుతూనే ఉంటుంది, నీళ్లలో ముంచాకే లోపలికి తీసుకోండి.

రాకెట్‌ను రెండు చేతులతో గట్టిగా పట్టుకోండి, పైకొనకు అడ్డంగా చెయ్యిగానీ తలగానీ రాకూడదు. మామూలు గాలిలో నిటారుగా వదలండి. గాలి జోరుగా ఉంటే, రాకెట్ ముక్కు గాలి వచ్చే వైపుకు తిరుగుతుంది కాబట్టి, గాలి పోయే వైపుకు 15 డిగ్రీలు వాల్చి వదలండి. మేఘాలు బాగా కిందికి దిగి ఉంటే వెలుగంతా మబ్బులోనే పోతుంది. అప్పుడు గాలి పోయే వైపుకే 45 డిగ్రీల దాకా వాల్చండి.

ఎప్పుడు కాల్చాలన్నదే అన్నిటికన్నా కష్టమైన నిర్ణయం. భయం వేయగానే అన్నీ కాల్చేస్తే, గంట తరవాత ఓడ కనబడినప్పుడు చేతిలో ఏమీ మిగలదు. ముందు వీహెచ్‌ఎఫ్ రేడియోలో (పడవల మధ్య మాట్లాడుకునే రేడియో) ఆపద పిలుపులకు వాడే 16వ ఛానల్ మీద పిలవండి. ఓడ దీపమో విమాన శబ్దమో తెలిసినప్పుడు, లేదా వెతికేవాళ్లు దగ్గర్లో ఉన్నారన్న నమ్మకం కుదిరినప్పుడు ఒక రాకెట్ వదలండి. నిమిషం లోపే రెండోది వదలండి. మొదటిది చూసి ‘నిజమేనా?’ అనుకున్నవాడికి రెండోది దిక్కు చూపిస్తుంది. హ్యాండ్ ఫ్లేర్లు వాళ్లు దగ్గరికి వచ్చేదాకా దాచుకోండి. హెలికాప్టర్ దగ్గరికి వచ్చిందంటే మాత్రం రాకెట్ జోలికి అస్సలు పోకండి.

పడవలోగానీ చుట్టూ నీళ్ల మీదగానీ పెట్రోలు, డీజిలు తెట్టు ఉంటే ఏ ఫ్లేర్‌నీ వెలిగించకండి, పొగ డబ్బాతో సహా.

లాగినా పేలకపోతే, గురి మార్చకుండా కనీసం ఒక నిమిషం అలాగే మనుషులకు దూరంగా పట్టుకోండి. తరవాత నీళ్లలోకి వదిలేయండి. మళ్లీ ప్రయత్నించవద్దు, విప్పి చూడవద్దు. చెయ్యి కాలితే 20 నిమిషాలు చల్లటి నీళ్లు పోయండి. అంటుకుపోయిన గుడ్డను లాగకండి.

గడువు తీరినవాటిని పండగ టపాసుల్లా కాల్చకండి. ఆ ఎర్ర వెలుగు చూసి ఎవరో ప్రాణాలకు తెగించి సముద్రంలోకి బయల్దేరతారు, చాలా దేశాల్లో అది నేరం కూడా. సముద్రంలో పారేయడం, చెత్తబుట్టలో వేయడం కూడా తప్పే. కొత్తవి వచ్చిన రోజునే పాతవాటి మీద పెద్దగా గుర్తు వేసి వేరే డబ్బాలోకి మార్చండి. ఎక్కడ తీసుకుంటారో అమ్మినవాళ్లనో, దగ్గర్లోని తీర రక్షణ దళాన్నో ముందుగా అడిగి, వాళ్లు చెప్పిన చోట అప్పగించండి.