పాత ఉత్తర్వులు చదవడం ఎలా? 4వ పాఠం: ఇటలీ, 1938

పోయిన పాఠంలో ఒక ఉత్తర్వును తీసుకుని, ఎవరిచ్చారు, ఎవరికిచ్చారు, ఎప్పటి నుంచి అమలు అన్నవి ఎలా పట్టుకోవాలో చూశాం. ఈసారి ఒకదాని వెనక ఒకటిగా వచ్చిన ఉత్తర్వులను వరసలో పెట్టి చదువుదాం.

ఇందుకు ముస్సోలినీ ఇటలీని ఎంచుకున్నాను. హిట్లర్ జర్మనీ గురించి మీరు ఎంతో కొంత చదివే ఉంటారు. ఇటలీ సంగతి కాస్త వేరు. ముస్సోలినీ గద్దెనెక్కింది 1922లో, యూదుల మీద చట్టాలు తెచ్చింది 1938లో. ఈ మధ్యలో వేల మంది యూదులు ముస్సోలినీ నడిపిన ఫాసిస్టు పార్టీలోనే ఉన్నారు. యూదు కుటుంబంలో పుట్టిన గీదో యుంగ్ 1932 నుంచి 1935 దాకా ఆర్థిక మంత్రిగా పనిచేశాడు. అలాంటి చోట అంతా ఎలా తిరగబడిందో కాగితాల్లోనే కనిపిస్తుంది.

ముందు తేదీలు మాత్రం రాసుకోండి. వ్యాఖ్యానం తర్వాత.

1938 జులై 14న శాస్త్రవేత్తల పేరుతో పత్రికలో ఒక ప్రకటన వచ్చింది. యూదులు ఇటాలియన్ జాతివాళ్లు కారని దాని సారాంశం. ఆగస్టు 22న యూదుల కోసం ప్రత్యేకంగా జనగణన. సెప్టెంబరు 5న యూదు టీచర్లనూ పిల్లలనూ ప్రభుత్వ బడుల నుంచి తీసేస్తూ ఉత్తర్వు, రెండు రోజులకే విదేశీ యూదులు ఆరు నెలల్లో దేశం వదలాలని ఇంకొకటి. నవంబరు 17న అన్నిటికంటే పెద్దది, 1728వ నంబరు శాసనం. జులై నుంచి నవంబరు దాకా, నాలుగు నెలల్లో ఇంత జరిగింది.

ఇప్పుడు ప్రతి తేదీ పక్కన ఒకే ప్రశ్న వేసుకోండి: ఇది అమలు కావాలంటే అధికారి చేతిలో ముందే ఏముండాలి?

బడి ఉత్తర్వునే చూడండి. మిలాన్‌లో లిలియానా సెగ్రే అనే ఎనిమిదేళ్ల పాపను మూడో తరగతికి రావద్దన్నారు. (పదమూడేళ్లకు ఆమెను నాజీల మరణ శిబిరం ఆష్విట్జ్‌కు పంపారు. బతికి బయటపడింది. 2018లో జీవితకాల సెనేటర్ అయింది.) ఏ పాపను రావద్దనాలో తెలియాలంటే ఎక్కడో ఒక లెక్క ఉండాలి కదా. అందుకే వెనక్కి, ఆగస్టు 22కి వెళ్లండి. ఆ జనగణన ఎవరి ఉద్యోగమూ తీయలేదు, ఎవరినీ జైల్లో పెట్టలేదు. తల్లిదండ్రుల్లో ఒక్కరు యూదులైనా పేరు రాసుకున్నారు. అలా దాదాపు 58 వేల మందిని నమోదు చేసి, అందులో 47 వేల లోపు మందిని యూదులుగా లెక్క తేల్చారు. దేశ జనాభాలో వెయ్యికి ఒక్కరు. శిక్ష ఏమీ లేదు కాబట్టి చదివేవాళ్లు చాలామంది ఈ కాగితాన్ని దాటేసి పోతారు. నేనైతే ఎర్ర గీత ఇక్కడే పెడతాను.

జీవోలు చదివే అలవాటున్నవాళ్లు ఉత్తర్వు పైభాగాన్ని వదలరు, పాత ఉత్తర్వుల నంబర్లు అక్కడే ఉంటాయి. ఈ ఇటలీ శాసనాల పైభాగంలో జనగణన ఊసే లేదు. ఉన్నది ‘అత్యవసరం’ అన్న మాట. వెయ్యికి ఒక్కరి విషయంలో అంత అత్యవసరం ఏమొచ్చిందో ఎక్కడా చెప్పలేదు.

ఇక నవంబరు శాసనం. అందరి కళ్లూ మొదటి సెక్షన్ మీదే పడతాయి, అది యూదులు, ఇతర జాతులవాళ్లతో ‘ఆర్య’ ఇటాలియన్ల పెళ్లిళ్ల నిషేధం. మీరు నేరుగా 8వ సెక్షన్‌కు వెళ్లండి. ఎవరు యూదులో చెప్పేది అదే. తల్లీ తండ్రీ ఇద్దరూ యూదులైతే, ఆ మనిషి వేరే మతంలో ఉన్నా యూదుడే. అంటే బాప్తిస్మం తీసుకున్నా లాభం లేదు. ఇద్దరూ ఇటలీ పౌరులే అయి ఒక్కరు మాత్రమే యూదులైతే? 1938 అక్టోబరు 1 నాటికి వేరే మతంలో ఉంటే సరి, ఆ మనిషిని యూదుడిగా లెక్కించరు. శాసనం వచ్చింది నవంబరులో, గడువు అక్టోబరు 1. చదివి జాగ్రత్తపడే వీలే లేదు. నిర్వచనంలో తేదీ కనిపిస్తే, దాన్ని శాసనం తేదీతో పోల్చి చూడటం మర్చిపోకండి.

9వ సెక్షన్ ప్రకారం జాతిని జనన మరణ రిజిస్టర్లలో రాయాలి. పదోది ఆస్తుల మీద పరిమితి, పన్నెండోది ఇంట్లో ‘ఆర్య’ పనివాళ్లను పెట్టుకోకూడదని. వీటిని వేగంగా చదివేసినా ఫర్వాలేదు.

14వ సెక్షన్ దగ్గర ఆగండి. ఇది మినహాయింపు. యుద్ధాల్లో చనిపోయినవాళ్ల కుటుంబాలు, మొదట్లోనే పార్టీలో చేరినవాళ్లు వగైరా దరఖాస్తు పెట్టుకోవచ్చు. మంజూరైతే ఆస్తి పరిమితి పోతుంది. ప్రభుత్వ ఉద్యోగం మాత్రం రాదు, పిల్లలకు బడీ రాదు, పెళ్లి నిషేధమూ పోదు. 26వ సెక్షన్ ప్రకారం నిర్ణయం హోం మంత్రిది, దాని మీద అప్పీలు లేదు. నా ఉద్దేశంలో శాసనం మొత్తంలో తెలివైన భాగం ఈ మినహాయింపే. నలుగురూ కలిసి కాదనాల్సిన చోట, ఎవరి ఫైలు వాళ్లు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగారు.

ఒక జాగ్రత్త. ముగింపు మనకు తెలుసు కాబట్టి వెనక నుంచి ముందుకు చదివే ప్రమాదం ఉంది. 1938లో పేర్లు రాసిన గుమాస్తాకు 1943 తెలియదు. అయితే ఆ జాబితాలను మాత్రం పాతబడనివ్వలేదు. 1943 సెప్టెంబరులో జర్మన్ సైన్యం ఉత్తర, మధ్య ఇటలీని ఆక్రమించింది. అక్టోబరు 16న రోమ్‌లో పట్టుకుని ఆష్విట్జ్‌కు పంపినవాళ్లు వెయ్యి మందికి పైనే, తిరిగొచ్చింది 16 మంది.

ఇప్పుడు మీ వంతు. 1943 నవంబరు 14న వెరోనాలో ముస్సోలినీ కొత్త పార్టీ (పదవి పోయాక జర్మన్ల అండతో పెట్టింది) ప్రకటించిన విధానంలో 7వ అంశం: యూదు జాతివాళ్లు విదేశీయులు, ఈ యుద్ధకాలంలో శత్రు దేశస్థులు. నవంబరు 30న ఇటలీ హోం శాఖే ఇచ్చిన 5వ నంబరు పోలీసు ఆర్డర్: మినహాయింపు పొందినవాళ్లతో సహా యూదులందరినీ క్యాంపులకు పంపాలి, ఆస్తులు స్వాధీనం చేసుకోవాలి. ఈ రెండింటినీ 1938 శాసనం పక్కన పెట్టి, 8, 9, 14, 26 సెక్షన్లలో ఏది ఇంకా పనిచేస్తోందో, ఏది ఎగిరిపోయిందో రాయండి. మినహాయింపు కోసం పెట్టుకున్న దరఖాస్తులో పేరు, అడ్రసు, ఆస్తి వివరాలు ఉంటాయన్నది కూడా లెక్కలోకి తీసుకోండి.

వచ్చే పాఠంలో చట్టాల కింద వచ్చే చిన్న సర్క్యులర్ల సంగతి. యూదుల ఇళ్లలో రేడియో ఉండకూడదని నిషేధించిన రకం.