సీమ పల్లె చరిత్రను నీటి జాడ వెంట రాయడం ఎలా

రాయలసీమలో ఒక ఊరి చరిత్ర రాయాలని కూర్చున్నవారు చాలామంది రాజవంశాలతో మొదలుపెడతారు. ముందుగా ఊరి చెరువు కట్ట ఎక్కమని నా సలహా. పడమటి కనుమల వర్షచ్ఛాయలో ఉన్న ఈ నేలపై, ముఖ్యంగా ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానే కురిసే అనంతపురం వైపు, ఊరు ఎక్కడ వెలిసిందో, ఎందుకు నిలిచిందో నీరే చెబుతుంది.

నేల ఎత్తుపల్లాలు చూపే సర్వే ఆఫ్ ఇండియా టోపో పటం, గ్రామ పటం పక్కపక్కన పెట్టుకుని, వంకలు ఏ గుట్టల్లో పుట్టి ఏ చెరువులో పడుతున్నాయో గీసుకోండి. పై చెరువు నిండి మరవ (మిగులు నీరు పొర్లిపోయే కట్టడం) పారితే ఆ నీరు కింది చెరువుకు, అక్కడినుంచి చిత్రావతికో పాపఘ్నికో, చివరకు పెన్నకో చేరే తీరు తెలిస్తే, మీ ఊరికి ఏ ఊళ్లతో పొత్తు, ఏ ఊళ్లతో తగవు ఉండేవో సగం అర్థమవుతుంది. తర్వాత ఆ దారంతా కాలినడకన తిరగండి. పూర్వం తూములు ఎత్తి ఆయకట్టుకు నీరు పంచిన నీరుగంటి కుటుంబంవారు ఎవరైనా ఉంటే వెంట తీసుకువెళ్లండి. పటంలో లేని కాలువ పేర్లు వారి నోట వినిపిస్తాయి. ఎర్రనేల ఎక్కడ ఆగి నల్లరేగడి ఎక్కడ మొదలవుతుందో, చౌడు ఎక్కడ తేలిందో కూడా గుర్తించండి. ఒకప్పుడు రైతులు ఎరువుగా బండ్లకెత్తుకున్న పాటిమన్ను దిబ్బ కనిపిస్తే అది పాత ఊరి చోటు కావచ్చు. అక్కడి పెంకులను ఫొటో తీసి, ఉన్నచోటే వదిలేయండి.

ఇక శాసనాలు. కడప జిల్లాలోని కలమళ్ల వంటి చిన్న ఊరిలోనే రేనాటి చోళుల కాలపు తొలి తెలుగు శాసనం దొరికింది. పండితులు దానిని క్రీ.శ. 575 ప్రాంతానిదిగా లెక్కించారు. కాబట్టి గుడి గోడలో, తూము రాతిలో, చేనిగట్టున వాలిన బండలో ఏ అక్షరాన్నీ తేలికగా తీసుకోవద్దు. రాతిని గీకవద్దు, రంగు పూయవద్దు. చీకటి పడ్డాక టార్చి లైటును రాతికి ఆనించినట్లుగా పక్కనుంచి వేస్తే, పగలు గీతల్లా కనిపించినవి ఒక్కొక్కటిగా అక్షరాలై పైకి తేలతాయి. ‘శకవర్షంబులు’ అన్న మాట పక్కన ఉన్న అంకెకు 78 కలిపితే క్రీస్తు శకం వస్తుంది, ఒక్కోసారి 79 కలపాలి. పోరుమామిళ్ల చెరువు శాసనం శకం 1291, అంటే 1369. విజయనగర రాజు బుక్కరాయల కుమారుడు భాస్కరుడు తవ్వించిన ఆ చెరువుకు వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు రెండేళ్లు పనిచేశాయని ఆ రాయి చెబుతుంది. అంతకంటే విలువైనది, మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలను, తప్పించవలసిన ఆరు దోషాలను అది వరుసగా చెప్పడం. కట్ట ఊటలు కారడం, చౌటినేల, రెండు రాజ్యాల సరిహద్దు, చెరువు నడుమ మిట్ట, నీరు తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడం, నీరు ఎక్కువై నేల తక్కువ కావడం అనేవే ఆ దోషాలు. ఈ ఆరింటినీ కాగితం మీద రాసుకుని మీ ఊరి చెరువు కట్ట మీద నిలబడి చూడండి. ఇంతకంటే మంచి పరీక్షాపత్రం నాకు దొరకలేదు.

1800లో నిజాం ఈ జిల్లాలను ఈస్టిండియా కంపెనీకి ఇచ్చివేశాడు. ‘దత్త మండలాలు’ అన్న పేరు అలా వచ్చింది. రాయలసీమ అన్న పేరు 1928లో నంద్యాల సభలో స్థిరపడింది. ఈ జిల్లాలకు కంపెనీ తొలి ప్రధాన కలెక్టరు థామస్ మన్రో, రైతు నుంచే నేరుగా శిస్తు తీసుకునే రైత్వారీ పద్ధతిని నాటిన కాలం నుంచి ఊరి లెక్కలు పెరిగాయి. రెవెన్యూ కార్యాలయంలో పాత సెటిల్‌మెంటు (భూమి శిస్తు నిర్ణయం) రిజిస్టరు చూడనివ్వమని అర్జీ పెట్టి, ఇనాముల వివరాలు వెదకండి. దశబంధం ఇనాం అని ఉంటే చెరువు కట్టించినవారికో బాగుచేయించినవారికో మాన్యం ఇచ్చారని అర్థం. చెరువు వెనుక ఉన్న మనుషులను చేరడానికి అది దగ్గరి దారి. కంపెనీ సర్వే అధికారి కాలిన్ మెకంజీ కోసం సేకరించిన కైఫీయతుల్లో (ఊరి వృత్తాంతాల్లో) మీ ఊరు ఉందేమో కూడా చూడండి. వాటిలో కథ, లెక్క కలిసి ఉంటాయి గనుక శాసనంతో సరిపోల్చకుండా తేదీలను ఎత్తి రాయవద్దు.

పెద్దలను అడిగేటప్పుడు సంవత్సరం అంకె అడగకండి, కరువు పేరు అడగండి. ‘ధాత కరువు’ అంటే ధాత నామ సంవత్సరం, 1876. అరవై ఏళ్లకోసారి పేరు తిరిగి వస్తుంది గనుక 1936 కూడా ధాతే. చెప్పేవారి తాత ఆ కరువులో ఏ వయసువాడో అడిగితే ఏ ధాతో తేలిపోతుంది.

రాసిన ప్రతిని అచ్చుకు పంపేముందు ఒక సాయంత్రం రచ్చబండ దగ్గర చదివి వినిపించి, వారు దిద్దిన పేర్లను దిద్దినట్టే రాసుకోండి.