ఆడియో కథలు నేర్చుకుందాం – 4వ భాగం: కట్ ఎక్కడ పెట్టాలి?

పోయిన భాగంలో ఇచ్చిన పని చేసి ఉంటే ఇప్పుడు మీ దగ్గర రెండు ఫైళ్లు ఉండాలి. ఒకటి, అరగంట పైచిలుకు ఇంటర్వ్యూ. రెండోది, అదే గదిలో ఎవరూ మాట్లాడకుండా నిమిషం పాటు తీసిన ఖాళీ చప్పుడు, అంటే రూమ్ టోన్. ఈ రెండోది ఎగ్గొట్టినవాళ్లు ఉంటారని తెలుసు. ఆ నిమిషం ఎందుకు తీయమన్నానో కాసేపట్లో తెలుస్తుంది.

ముందుగా, అసలు ఫైలు జోలికి పోకండి. వేవ్ ఫైలును (నాణ్యత తగ్గకుండా దాచే .wav రికార్డింగ్) ఇంకోచోట కాపీ చేసుకుని ఆ కాపీ మీదే పనిచేయండి. ఎమ్‌పీ3గా మార్చేది అంతా అయ్యాక ఒక్కసారే. ఎమ్‌పీ3ని ఎడిట్ చేసి మళ్లీ మళ్లీ సేవ్ చేస్తే ప్రతిసారీ కొంత నాణ్యత పోతుంది. సాఫ్ట్‌వేర్ గురించి ఎక్కువ ఆలోచించొద్దు. 2000లో వచ్చిన ఆడాసిటీ ఇప్పటికీ ఉచితమే, ఇక్కడ చెప్పేవన్నీ అందులో అయిపోతాయి.

ఇంటర్వ్యూ మొత్తం ఒకసారి ఎక్కడా ఆపకుండా వినండి. రెండోసారి వింటూ నోట్‌బుక్‌లో టైమ్ వేసి రాసుకోండి: ‘12:40 – మొదటి నైట్ డ్యూటీ, గొంతు తగ్గింది, తర్వాత నవ్వు’. మాటలన్నీ దించక్కర్లేదు. గొంతు మారిన చోటు మాత్రం వదలొద్దు. ఫోన్‌లో ఆటోమేటిక్‌గా వచ్చే టెక్స్ట్ దేన్నైనా వెతకడానికి పనికొస్తుంది కానీ, దాన్ని చదివి క్లిప్‌లు ఎంచుకుంటే దెబ్బతింటారు. కాగితం మీద గొప్పగా కనిపించిన వాక్యం చెవికి చప్పగా ఉండొచ్చు. ‘ఏమోనండీ’ అన్న ఒక్క మాటే కథ మొత్తాన్ని నిలబెట్టనూవచ్చు.

ఇక అసలు పని. ఒక నర్సు ఇలా చెప్పారనుకుందాం:

‘నేను వార్డులోకి వెళ్లేసరికి లైట్లన్నీ ఆపేసి ఉంటే, అంటే అప్పటికి నాకెవరూ ఏమీ చెప్పలేదు కదా, మా సీనియర్ కూడా లేరు ఆరోజు, టార్చి తీసుకుని, ఒక్కో మంచం దగ్గరికి వెళ్లి, ఊపిరి తీసుకుంటున్నారా లేదా అని చూసుకుంటూ తిరిగాను.’

మనం మాట్లాడే తీరే ఇది. వెళ్లి, తీసుకుని, చూసి అంటూ ఒకదాని వెనక ఒకటి పేర్చుకుంటూ పోతాం. అసలు క్రియ చివర్లో వస్తుంది, గొంతు కూడా అక్కడే కిందికి దిగుతుంది. అందుకే పొడుగైపోయిందని ‘మంచం దగ్గరికి వెళ్లి’ దగ్గర క్లిప్ ఆపేస్తే, వినేవాళ్ల చెవి ఆ తర్వాతి మాట కోసం కాచుకుని ఉంటుంది. తర్వాత మీ నెరేషన్ ఎంత బాగున్నా ఆ వెలితి పోదు. తగ్గించాలంటే లోపలే తగ్గించాలి. ‘అంటే’ ముందు నుంచి ‘ఆరోజు’ వరకు తీసేయండి. ‘ఉంటే’ దగ్గర గొంతు పైకి లేచి ఉంటుంది కాబట్టి ‘టార్చి తీసుకుని’ దానికి అతుక్కుంటుంది.

అతుక్కుంది సరే, తీసేయొచ్చా? కథ ఆవిడ భయం గురించైతే తీసేయొచ్చు. ఆ రాత్రి వార్డు బాధ్యత ఎవరిదన్నది కథైతే మాత్రం ‘సీనియర్ లేరు’ అన్న మాట ఉండితీరాలి. ఇంతకన్నా పెద్ద ప్రమాదం ఇంకోటుంది. మన భాషలో ‘కాదు’, ‘లేదు’ కూడా చివరికే వస్తాయి. ‘భయపడ్డానని చెప్పలేను’ అన్న వాక్యాన్ని ‘భయపడ్డాన’ దగ్గర కోస్తే, మనిషి చెప్పినదానికి సరిగ్గా ఎదురు మాట ఆ మనిషి గొంతులోనే వినిపిస్తుంది. మీరు కోసిన క్లిప్ ఎవరికైనా వినిపించే ముందు అసలు వాక్యం చివరిదాకా ఒకసారి వినండి. ఈ ఒక్క విషయంలో నేను మొండిగానే ఉంటాను.

చేతిపనికి వద్దాం. తెర మీద గొంతును గీతలుగా చూపించే తరంగాన్ని బాగా జూమ్ చేయండి. క, ట, ప లాంటి అక్షరాలకు ముందు గాలి ఒక్క క్షణం ఆగుతుంది, తెర మీద చిన్న ఖాళీలా కనిపిస్తుంది. కట్‌కు అంతకన్నా మంచి చోటు ఉండదు. మన ఉదాహరణలో ‘టార్చి’ అందుకే కలిసొచ్చింది. సాగదీసిన అచ్చు మధ్యలోగానీ ‘మ్’, ‘న్’ మధ్యలోగానీ కోస్తే తెలిసిపోతుంది. కోసిన చోట ‘టిక్’ అని వినిపిస్తే ఆ కట్‌ను అన్‌డూ చేసి, తీసేయాల్సిన భాగాన్ని సెలెక్ట్ చేసి ఆడాసిటీలో జెడ్ కీ నొక్కండి, అంచులు తరంగం సున్నాను (మధ్య గీతను) దాటే చోటికి జరుగుతాయి. అప్పుడు కోయండి. ఐదు పది మిల్లీసెకన్ల క్రాస్‌ఫేడ్ (ఒక ముక్క తగ్గుతూ ఉంటే రెండోది పెరుగుతూ కలిసిపోవడం) వేసినా సరిపోతుంది.

ఊపిరి విషయంలో కొత్తవాళ్లు అతిగా పోతారు. ఊపిర్లన్నీ తీసేస్తే మనిషి మాట్లాడుతున్నట్టు ఉండదు. అతుకు దగ్గర రెండు ఊపిర్లు పక్కపక్కన పడితే మాత్రం ఒకటి తీసేయండి.

రెండు మాటల మధ్య ఆగినట్టు కావాలంటే అక్కడ ఉత్త నిశ్శబ్దం పెట్టకండి. గదిలో ఫ్యానో, దూరంగా రోడ్డో సన్నగా వినిపిస్తూ ఉండి ఒక్కసారిగా ఆగిపోతే, ఎవరో తలుపు మూసేసినట్టు ఉంటుంది. అక్కడ మీ రూమ్ టోన్‌లోంచి ఒక ముక్క తెచ్చి వేయండి. అది తీయనివాళ్లు ఇంటర్వ్యూలో ఇద్దరూ ఊరుకున్న క్షణాలు ఏరుకోవాల్సిందే. దొరుకుతాయి కానీ ఓపిక కావాలి.

ఈ వారం పని: మీ ఇంటర్వ్యూలో రెండు నిమిషాల ముక్క తీసుకుని 45 సెకన్లకు తీసుకురండి. స్క్రీన్ చూడకుండా హెడ్‌ఫోన్స్‌లో వినండి, ఎందుకంటే కట్ కనిపిస్తుంటే వినిపించినట్టే అనిపిస్తుంది. తర్వాత ఆ ఇంటర్వ్యూ సంగతి తెలియనివాళ్లకు వినిపించి, ఎక్కడెక్కడ కోశారో చెప్పమనండి. వాళ్లు పట్టుకున్న చోట మళ్లీ చేయండి. క్లిప్‌ల మధ్య మీ గొంతుతో ఏం చెప్పాలి, ఎంత చెప్పకూడదు అన్నది వచ్చే భాగంలో.