పాత 1911 పిస్టల్ కొనేముందు ఇది చూడండి

మొదటిసారి కొనేవాళ్ళం పైన పాలిష్ చూసి పడిపోతాం, తర్వాత రిపేరుకే డబ్బులు పోతాయి. మ్యాగజైన్ (తూటాలుండే డబ్బా) తీసేసి, స్లైడ్ (పైన వెనక్కి జరిగే భాగం) లాగి, చాంబర్ (తూటా కూర్చునే చోటు) ఖాళీనా అని కళ్ళతో చూసి వేలితో కూడా తడమండి, గొట్టం మూతి ఎవరివైపూ ఉండకూడదు. అమ్మేవాళ్ళని అడిగి హామర్ (వెనకున్న సుత్తి) కాక్ చేసి, అంటే పూర్తిగా వెనక్కి లాగి నిలబెట్టి, థంబ్ సేఫ్టీ (బొటనవేలితో పెట్టే లాక్) పెట్టి ట్రిగ్గర్ గట్టిగా నొక్కి వదిలేయండి, ఇప్పుడు సేఫ్టీ తీసి హామర్‌ని కొంచెం వెనక్కి లాగితే టిక్ మని వినపడిందా, సేఫ్టీ సరిగ్గా పట్టట్లేదని అర్థం, ఆ పిస్టల్ వద్దు, వదిలేయండి. గ్రిప్ సేఫ్టీ (పిడి వెనక, పట్టుకుంటే నొక్కుకునే లాక్) నొక్కకుండా కూడా ఇలాగే చూడాలి. బడ్జెట్ తక్కువైతే 9 ఎంఎం తూటా వాడే 1911 మేలు, .45 సైజు కన్నా తూటాలు చవక. కానీ తూటా సరిగ్గా ఎక్కుతుందో లేదో ఈ సేఫ్టీ పరీక్షలతో తెలీదు, అది రేంజ్‌లో కాల్చి చూడాల్సిందే, అక్కడ ఇరుక్కుంటే ముందు మ్యాగజైన్ మార్చి చూడండి.